వార్తలో పెట్టని మాట

కోదాడ, 2009 జులై 14, మంగళవారం

నడిగూడెం మల్లయ్య కూతురికి ఈ మధ్యాహ్నం అపెండిక్స్ ఆపరేషన్. నాలుగేళ్ల కింద అతని కొడుకు ఆపరేషన్ బల్ల మీద, మత్తు ఇచ్చిన కాసేపటికే చనిపోయాడు. 'వైద్యుడి నిర్లక్ష్యం' అని వార్త రాసింది నేనే. ఈ రోజు మల్లయ్య రమ్మంటే ఆసుపత్రికి వెళ్లాను.

"మత్తుతో మీ ఇంట్లో ఎవరికైనా ఏమన్నా అయిందా?" అని మత్తు డాక్టర్ అడిగితే మల్లయ్య లేదన్నాడు. బయటికి పిలిచి ఎందుకు దాచావని అడిగాను.

"జెప్తే ఆపరేషన్ జెయ్యరు సారూ. నీ కాల్మొక్త, సప్పుడు జేయకు."

నేనే లోపలికి వెళ్లి చెప్పాను. అప్పుడు పిల్లవాడి ఒళ్లు వేడెక్కిందా అని డాక్టర్ అడిగాడు. ఆ రోజు తల్లి అన్న మాట నా నోట్‌బుక్‌లో ఉంది: "పానం పోయినా పిలగాని ఒళ్లు పెనం లెక్క కాల్తుండె." వార్తకు అక్కర్లేదనిపించి వదిలేశాను. ఇప్పుడు డాక్టర్‌కు చెప్పాను.

వంశంలో వచ్చే అరుదైన జబ్బు కావచ్చనీ, ఉంటే కొన్ని మత్తుమందులు ప్రాణం తీస్తాయనీ డాక్టర్ చెప్పాడు. ఆ మందులు వాడకుండా పిల్లకు నడుములో ఇంజెక్షన్ ఇచ్చి ఆపరేషన్ చేయించాడు. బతికింది.

"మరి నా కొడుకును ఎవలు సంపిండ్రు సారూ?" అన్నాడు మల్లయ్య.

నా వార్తలో కొడుక్కి ఆపరేషన్ చేసిన డాక్టర్ పేరు రెండుసార్లు ఉంది. అది వచ్చాక ఆయన ఆసుపత్రి మూసేసి వెళ్లిపోయాడు. ఎక్కడున్నాడో నేనెప్పుడూ అడగలేదు...