తాత రాసిన గుణగణాలు

కడప, జూన్ 3

పూజ్యులైన తాతగారికి, అజయ్ నమస్కారం పెట్టి, పళ్ళు నూరుతూ రాసేది.

ఫోన్లో మీ గొంతు వింటే నా నోరు పెగలదు. అందుకే ఉత్తరం. గనుల నుంచి నాపరాళ్ళు నేరుగా ఇళ్ళకు అమ్మే మా యాప్‌కు పెట్టుబడి పెడతామన్న కంపెనీ వాళ్ళు నా గుణగణాలు అడిగితే మీరేం రాశారు? ‘నోట్లో నాలుక లేనివాడు, ఎవరికీ ఎదురు చెప్పడు’ అనా? ఇలాంటివాడు వ్యాపారం ఏం నడుపుతాడని వాళ్ళు వెనక్కి తగ్గారు. ఈ నెలలో డబ్బు రాకపోతే గోదాముకు తాళమే. నా కొంప ముంచారు!

ఇట్లు,
అజయ్

తా.క.: ‘ఆడపిల్లల వైపు తలెత్తి చూడడు’ అని కూడా రాయాలా? మా వ్యాపారంలో సగం వాటా హరితది!

కోయిలకుంట్ల, జూన్ 7

చిరంజీవి అజయ్‌ను ఆశీర్వదించి, చెవి మెలిపెట్టి తాత రాసేది.

పిల్లవాడి గుణమెలాంటిదని అడిగితే పెళ్ళి సంబంధం వాళ్ళనుకోనా? నలభై ఏళ్ళుగా ఇలాంటి ఉత్తరాలు రాస్తున్నాను, ఒక్క సంబంధమూ తప్పిపోలేదు! అయినా డబ్బు పెట్టేవాడు సరుకు చూడాలి గానీ గుణం చూస్తాడా? నేనే కడప వచ్చి, కళ్ళారా చూసి మళ్ళీ రాస్తాను.

ఇట్లు,
అనంతయ్య

తా.క.: ఆ హరిత ఎవరురా?

కడప, జూన్ 18

తాతగారికి, ఇష్టం లేకున్నా నమస్కారం పెట్టి అజయ్ రాసేది.

నేను గనికి పోయిన రోజే రావాలా? వచ్చి ఏం రాశారు? ‘దళారులను గోదాములోంచి తరిమే మనిషే మాకు కావాలి. డబ్బు ఇస్తాం’ అని కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. నేనెవరిని తరిమాను? కుక్కను కూడా అదిలించలేదే! సోమవారం వాళ్ళొచ్చి నన్ను చూస్తే మీ అబద్ధం బయటపడదా?

ఇట్లు,
అజయ్

తా.క.: మీ పేరెత్తితే హరిత నవ్వుతోంది. ఎందుకు?

కోయిలకుంట్ల, జూన్ 20

చిరంజీవి అజయ్‌కు, ఇంకా ఒళ్ళు మండుతున్న తాత రాసేది.

ఒరేయ్, నేను అబద్ధం రాశానా? కొనేవాడిలా వచ్చి బండకు నాలుగు రూపాయలు తగ్గించమంటే ఆ హరిత, “రాయి ఊరికే వస్తాదా పెద్దాయనా? ఈడ బేరాల్లేవు, పో” అంది. నా కళ్ళ ముందే ఇద్దరు దళారులను గెంటింది. నేను అజయ్ తాతనంటే, “అట్లయితే ఒక రూపాయి ఎక్కువియ్యి” అంది! యాభై ఏళ్ళ వ్యాపారంలో నన్నెవరూ అంత మాట అనలేదు. ఆ కోపంలో బస్టాండులోనే కూర్చుని, ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. నీ గురించి కాదు, ఆమె గురించి. సోమవారం వాళ్ళతో ఆమెను మాట్లాడనీ. నువ్వు టీ తెప్పించు.

ఇట్లు,
అనంతయ్య

తా.క.: ఆత్మకూరు నుంచి హరిత వాళ్ళ నాన్న నీ గుణగణాలు అడుగుతూ రాశాడు. నా మొదటి ఉత్తరమే మళ్ళీ పంపాను. తలెత్తి చూడడన్న మాట మాత్రం కొట్టేశాను.