తమ్ముడికి ఎడమవైపు కుర్చీ వచ్చింది

నాయినా,

నువ్వు పోయి మొన్నటికి ఏడాది నిండింది. కూర్చుని ఏడుద్దామంటే కుదరడం లేదు. మన నర్సింహ కెప్టెన్ అయ్యాడు!

విమానంలో వాడు కుడివైపు కూర్చుంటాడని విని, నువ్వు నడిపిన అచ్చంపేట బస్సులో డ్రైవరు కూర్చునేదీ అటే కాబట్టి, విమానం నడిపేది నీ కొడుకేనని ఊరంతా చెప్పుకున్నావు. పెద్ద పైలట్ ఎడమవైపు కూర్చుంటాడని నీతో అనడానికి వాడికి నోరు రాలేదు. కంపెనీలో వాడికన్నా ముందున్నవాళ్లంతా ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపి వచ్చినవాళ్లు. తన వంతు ఎప్పటికీ రాదని దిగులుపడేవాడు. పోయిన నెల కొత్త విమానాలు వచ్చాయి, పరీక్ష పెట్టారు, వాడు నెగ్గాడు.

ఎడమవైపుకు మార్చారనగానే అమ్మ బెదిరిపోయింది. "అయ్యో, గది క్లీనర్ కూసుండే జాగ గదరా! ఏం తప్పు చేసినవ్ బిడ్డా?" అంది.

వాడు నవ్వి, ఈ రోజు మా ఇద్దరినీ బేగంపేటలో తన విమానం ఎక్కించాడు. బెంగళూరులో చక్రాలు నేలను తాకిన సంగతే మాకు తెలియలేదు. మెట్ల దగ్గర టోపీ తీసి నిలబడ్డ వాడి చెంపలు నిమిరి, "మీ నాయిన గూడ గింత మెల్లగ ఆపకపోతుండె" అంది అమ్మ.

"గా మాట నాయిన ఇనుంటే నాతోని వారం మాట్లాడకపోతుండె" అన్నాడు వాడు.

వెనక దిగాల్సినవాళ్లు ఆగిపోయినా, ముగ్గురం అక్కడే నిలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం.

నీ పెద్దబిడ్డ