కోళ్లు ఇవ్వని ఊరు

జూన్ 2006, మంగళవారం రాత్రి

నిరుడు మా ఊరి ఆడవాళ్లకు కోళ్లు పంచిన పథకం ఎంత మేలు చేసిందో తేల్చడానికి హైదరాబాద్ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. మా మహిళా సంఘంలో అందరినీ అడిగి, ఏడాదిలో రాబడి పెరిగిందని రాసుకుని, అధ్యక్షురాలినని నా సంతకం కోసం కాగితం చాపాడు.

"పెరిగింది నిజమే బిడ్డా. కోళ్లతోనా, తునికాకుతోనా?" అన్నాను. ఈ ఎండాకాలం అడవిలో ఆ బీడీల ఆకు బాగా దొరికింది, ధర కూడా పలికింది.

"అది ఎట్ల తెలుస్తదమ్మా?" అని నవ్వాడు.

"కోళ్లు ఇయ్యని ఊరికి పోయి అడుగు. వాళ్లకు గూడ గింతే పెరిగితే, మీ కోళ్ల గొప్ప ఏమున్నది?"

అతను కాగితం వెనక్కి తీసుకున్నాడు. ఆ పథకంలోనే పనిచేసే మా మనవరాలు సరిత, అతను అటు వెళ్లగానే నా మీద విరుచుకుపడింది.

"ఏంది అమ్మమ్మా గిట్ల చేసినవ్? రిపోర్టు మంచిగ రాకుంటే నా నౌకరి పోతది. ఒక్క సంతకం పెడితే నీ సొమ్మేం పోయింది?"

"తెల్వని దానికి సంతకం పెట్టనే. నువ్వు పంచిన కోళ్లతోనే మేలైందని నమ్మితే, నీకెందుకు గంత భయం?"

అన్నం తినకుండా పడుకుంది. దాని కాంట్రాక్టు వచ్చే నెలతో అయిపోతుందని నాకు తెలియదా? కానీ ఈ కాగితం చూసి ఇంకో పది ఊళ్లకు ఇవే కోళ్లు పంచుతారు. అక్కడి ఆడవాళ్లకు నిజంగా ఏం కావాలో ఎవరూ అడగరు.

పొద్దున్నే ఆ అబ్బాయిని వాగు అవతలి ఊరికి నేనే తీసుకువెళ్తాను. మాలాగే తునికాకు కోసినా కోళ్లు లేని ఆ ఊళ్లో రాబడి పెరగలేదని తేలితే అక్కడే నిలబడి సంతకం పెడతాను. అక్కడా మాకు పెరిగినంతే పెరిగిందని తేలితే, సరిత నాతో మాటలు మానేసినా సరే, పెట్టను.