కాల్చని పోడు

జి.మాడుగుల దగ్గర,
ఫిబ్రవరి 10, 2004

నా తల్లి నిర్మలకి,

అమ్మ రాసేది. నువ్వు ఎలాగున్నావు? అల్లుడు కామేష్ నడుం నొప్పి తగ్గిందా? పక్కింటి నూకరత్నమ్మగారికి కంటి ఆపరేషన్ అన్నావు, చూపు ఆనుతోందా? నా మనవరాలు సోనిని ఆఖర్న అడుగుతున్నాను. ముందే అడిగితే మిగతాదేదీ రాయలేను. గుంట దగ్గు ఏటయింది? రాత్రులు నిద్రపోతోందా?

మీ అన్న సోములు, వదిన బాగానే ఉన్నారు. నా మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. రాత్రిబడిలో నేర్చిన రాత, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మొన్న ఊళ్లో మీటింగు పెట్టారు. ఎవరో ఆఫీసరు వచ్చి, ఇక మీదట పోడు కాల్చొద్దన్నాడు. తుప్ప కొట్టి, కాల్చి, ఆ బూడిదలో అంబలికి చోడి గింజలు చల్లుకోవటం తాతలనాటి పని కదా అని మనవాళ్లు అన్నారు. "మీ పొగ మీ కొండ మీదే ఉండిపోదు, పైకి పోయి దేశమంతా పరుచుకుంటుంది, ఎండలు ముదురుతాయి, వానలు తప్పుతాయి" అన్నాడాయన. అందరూ టీ తాగి ఎవరిళ్లకి వాళ్లు పోయారు. నాకు మాత్రం ఆ మాట గుండెల్లో ఉండిపోయింది. పోయినేడు మనం పోడు కాల్చినప్పుడే కదా మీరొచ్చారు. గుంట దగ్గుతుంటే, కొండ పొగ పడలేదేమో అని నువ్వే అన్నావు. అప్పట్నుంచీ తగ్గనేలేదు. మా పొగ ఘాటీ రోడ్డు దిగి మీ దాకా వస్తోందా? సముద్రం గాలి దాన్ని మీ ఊరి మీదే నిలబెట్టేస్తోందా?

ఈ ఏటి తుప్ప కొట్టేశాం, ఎండుతోంది. కాల్చాలా, వద్దా? బేగి రాయి.

నీ అమ్మ,
యర్రమ్మ


ఫిబ్రవరి 24, 2004

ప్రియమైన అమ్మకి,

అందరం బాగున్నాం. ఆయన నడుం పర్వాలేదు. సోని దగ్గు ఓ వారం తగ్గుతుంది, ఓ వారం పెరుగుతుంది. ఈ వయసులో మామూలేనట.

ఆయన్ని కరెంటు ప్లాంటులోనే ఇప్పుడు బొగ్గు బెల్టు దగ్గరికి మార్చారు. వానాకాలం లోపల పర్మినెంటు చేస్తామంటున్నారు. ఫ్రిజ్ కొన్నాం, మా వీధిలో మాదే మొదటిది. తారు రోడ్డు పడింది, హోటళ్లు వచ్చాయి, సెల్‌ఫోన్ల షాపు పెట్టారు. నువ్వు చూస్తే ఇది ఆ ఊరేనా అంటావు. అరుగు మాత్రం పొద్దున్నా సాయంత్రం కడగాలి, దుమ్ము.

పోడు సంగతి అన్నయ్యని అడుగు. ప్రతిదానికీ బెంగ పెట్టుకోకు.

నీ కూతురు,
నిర్మల


మార్చి 20, 2004

బంగారు తల్లి నిర్మలకి,

కాల్చమనీ రాయలేదు, వద్దనీ రాయలేదు. అందుకని నేనే కాల్చకుండా ఒగ్గీసాను. చుట్టూ కొండలన్నీ కాల్చేశారు, మన నేల చెక్క ఒక్కటే ఎండుతుప్పతో పడి ఉంది. సోములు మాట్లాడటం మానేశాడు. "చోడి ఎక్కణ్నుంచి వస్తాదే అమ్మా, ఆ మీటింగాయన పంపిస్తాడా?" అన్నదే ఆఖరి మాట. పక్కింటి వరహాలైతే వీధిలో అందరి ముందూ సోములుతో, "మీ అమ్మకి అమ్మోరు కాదురా, ఆఫీసరు పూనాడు" అన్నాడు. నేనూ నవ్వాను. ఊరంతా కాలుస్తుంటే నువ్వొక్కదానివి ఆపితే ఏటి లాభం అని అడిగారు. మీ మనవలకి దగ్గు లేదు, నా మనవరాలికి ఉంది అన్నాను.

ఒక మంచి కబురు. మనింటికి కరెంటు వచ్చింది, ఒక బల్బు. సీలేరు నీళ్ల కరెంటే అయ్యుంటుంది, వెలుగు చల్లగా ఉంది. సోములు పిండిమర పెడతానంటున్నాడు. చోడి లేకుండా ఏం ఆడతాడో.

ఇప్పుడు మా పొగ లేదు కదా, గుంటకి తగ్గే ఉండాలి. తగ్గిందని ఒక్క ముక్క రాయి. ఈ ఏడు అంబలి లేకపోయినా బాధ లేదు.

నీ అమ్మ,
యర్రమ్మ


ఏప్రిల్ 1, 2004

అమ్మా,

నీ ఉత్తరం చదివి, వంట ఆపేసి కూర్చున్నాను. పోడు కాల్చేయండి. అన్నయ్యతో చెప్పు, రేపే కాల్చమను.

సోనికి దగ్గు నీ దగ్గరికి రాకముందు నుంచే ఉంది. కొండ గాలికి తగ్గుతుందనే పోయినేడు తీసుకొచ్చాను. నువ్వు గుచ్చి గుచ్చి అడుగుతుంటే మీ పొగ మీద పెట్టేశాను. నిజం చెబితే అన్నీ వదిలేసి వచ్చేయమంటావని భయం.

మా ఇంటి వెనకే ప్లాంటు చిమ్నీ. బొగ్గు బూడిద పోసే చెరువు ఎండితే అదంతా గాలికి లేస్తుంది. అరుగు మీద కడిగేది అదే. మా వీధి పిల్లలందరికీ దగ్గే. డాక్టరుగారు మందు రాసి, ఇల్లు మారమన్నారు. ఆయనతో చెబితే, "కూలికి పోయిన రోజుల్లో దీనికి దగ్గు లేదు, కడుపునిండా అన్నమూ లేదు. ఏది కావాలో నువ్వే చెప్పు" అన్నారు. పర్మినెంటు కాగానే దూరంగా ఇల్లు చూద్దామంటున్నారు. ఈలోగా ఇంకో చిమ్నీ లేస్తోంది. దేశానికి కరెంటు చాలటం లేదట.

మీ బల్బుది సీలేరు కరెంటేనని చెప్పలేమట అమ్మా. తీగలన్నీ ఎక్కడో కలిసిపోతాయట.

తిట్టు. కానీ రాయకుండా ఉండకు.

నిర్మల


ఏప్రిల్ 8, 2004

నా తల్లికి,

కోపం లేదు. కోపానికైనా ఓపిక ఉండాలి కదా.

నీ ఉత్తరం వచ్చేలోపే జల్లులు పడ్డాయి. కింద గెడ్డ నీళ్ల పక్కనున్న తుప్ప తడిసిపోయింది. పై సగమే నిన్న కాల్చాం. సగం చోడి వస్తుంది, మిగతాదానికి కోటా బియ్యం ఉన్నాయి. సోములు మళ్లీ మాట్లాడుతున్నాడు. "అక్కడ దేశం ఎదగాలని పొగ పెడుతున్నారు, ఇక్కడ దేశం పాడైపోతుందని పొగ వద్దంటున్నారు. రెండూ ఒకటే దేశమేట్రా?" అని అడిగాను. "అంబలి తాగవే అమ్మా" అన్నాడు.

సాయంత్రం బల్బు ఆర్పేద్దామని లేచాను. ఆ వెలుగు చూస్తే గుంట దగ్గే వినిపించింది. మీ వదిన దాని కిందే కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. "ఏటి అత్తా?" అంది. ఏటీ లేదని కూర్చుండిపోయాను.

కామేష్‌ని పని మానమని అనను. అన్నం లేని ఇల్లు నేనూ చూశాను. మీకు వేరే ఇల్లు దొరికేదాకా గుంటని నా దగ్గర ఒగ్గీయి. ఇక్కడా బడి ఉంది, పాలకి మేక ఉంది. కోపం లేదన్నాను కానీ, ఈ మాటకి కాదంటే వస్తుంది.

మా పోడు పొగ నాలుగు రోజుల్లో పోతుంది. మీరొచ్చేసరికి కొండ మీద ఏమీ ఉండదు. మీ పొగ ఎప్పటికి పోతుందో అక్కడెవరికైనా తెలిస్తే అడిగి రా.

గుంటకి చలి బట్టలు మర్చిపోకు. కిటికీ పక్కన కూర్చోబెట్టకు, ఘాటీలో వాంతులవుతాయి. ఏప్రిల్ పద్దెనిమిది, ఆదివారం, మొదటి బస్సుకి రండి. రోడ్డు మీద నిలబడి ఉంటాను.

నీ అమ్మ,
యర్రమ్మ