చచ్చి లేచేవాళ్ళ బొమ్మలు, ఒక్క బిందె నీళ్ళు

మద్రాసు, చింతాద్రిపేట
ఆదివారం మధ్యాహ్నం

నాన్నకూ అమ్మకూ దణ్ణాలు పెట్టి సుభద్ర రాస్తున్న ఉత్తరం. నేను బాగానే ఉన్నాను. నాన్న మోకాలు ఎలా ఉంది? అమ్మ వేళకు తింటున్నదా? నాయనమ్మకు కళ్ళలో మందు వేస్తున్నారా? మాస్టారూ, ఓపికగా చదివిపెడుతున్నందుకు మీకు నమస్కారం. ఇందులో శవాల సంగతి వస్తుంది. నాయనమ్మ దగ్గరుంటే ఆ భాగం కాస్త గొంతు తగ్గించి చదవండి.

నెల రోజులుగా ఉత్తరం లేదని కంగారుపడి ఉంటారు. జలుబు చేసి దగ్గు పట్టుకుంది. ఇప్పుడు తగ్గింది, నిజంగానే తగ్గింది. అది ఎందుకు వచ్చిందో చెప్పాలంటే నా పని గురించి చెప్పాలి. టైపు పని అని మాత్రమే రాశాను ఇంతకాలం. అబద్ధం కాదు, కానీ అంతా చెప్పలేదు.

మా ఆఫీసువాళ్ళు పాత ఇంగ్లీషు సినిమాలు చవగ్గా కొని ఊళ్ళలో ఉదయం ఆటలకు ఇస్తారు. ఎక్కువగా చచ్చినవాళ్ళు లేచి నడిచే సినిమాలు. ఆడడానికి ముందు సెన్సారుకు మాటలన్నీ టైపు చేసి ఇవ్వాలి. చిన్న హాల్లో రీళ్ళు వేస్తారు, నేను కూర్చుని సరిచూసుకుంటాను. ఈ సినిమాల్లో మాటలు తక్కువ. ఒక్కోసారి పేజీ అంతా మూలుగు, మూలుగు, తలుపు బాదిన చప్పుడు, మళ్ళీ మూలుగు.

మొదటి వారం అన్నం సహించలేదు. పేగులు లాగి తింటుంటే కళ్ళు మూసుకుని మాటలు మాత్రం విన్నాను. తర్వాత కళ్ళు తెరిచాను. అవి కసాయి కొట్టు నుంచి తెచ్చిన పేగులని తెలిసిపోయింది. నెత్తురు మరీ చిక్కగా, పొయ్యి మీద నుంచి దింపడం మరిచిన పాకంలా ఉంటుంది. తలుపు బాదితే గోడ కూడా ఊగుతుంది. మనుషులు చాలక, చచ్చినవాడే చొక్కా మార్చుకుని మళ్ళీ వస్తాడు. మన వీధి భాగవతంలో ఒక్కడే రాజూ బంటూ అయినట్టు. డబ్బు లేకపోయినా ఎవరో ఇరుగుపొరుగును పోగేసి, ఒక్కొక్కరి మొహానికీ బూడిదరంగు పూసి, నడవండి అన్నారు. వాళ్ళు మనసు పెట్టి నడిచారు. అది చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఇంకో సంగతి అమ్మకు అర్థమవుతుంది. వాళ్ళు పరిగెత్తరు. మొహంలో కోపం ఉండదు. కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తూనే ఉంటారు. సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడిచే నేనూ, నా ముందు నడిచేవాళ్ళూ అలాగే ఉంటాం. అందుకేనేమో వాళ్ళంటే భయం పోయింది.

ఇక నేను చేసిన తప్పు. మా ఇంటి యజమానురాలు రాజమ్మగారు, అరవై దాటిన ఆవిడ. వాళ్ళది తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. ఒకనాడు ఏం పని చేసొచ్చావని ఆవిడ అడిగితే, ఇవాళ నలభై శవాలను చూశానని నవ్వుతూ అన్నాను. ఆవిడ నవ్వలేదు. దేవుడున్న ఇల్లు, శవాన్ని చూసి తలస్నానం చెయ్యకుండా గడప తొక్కకూడదంది. అది బొమ్మ కదండీ అన్నాను.

"బొమ్మయితే ఏంది పాపా? గుళ్ళో ఉండేది బొమ్మ కాదా?" అంది.

ఆ రోజు నుంచి పెరట్లో తల మీద నీళ్ళు పోసుకుని గానీ లోపలికి రాలేదు. ఇక్కడ నీళ్ళకు ఎంత కరువో మీకు తెలియదు. కుళాయి రోజు విడిచి రోజు, అదీ సన్నటి ధార. నా జడ ఆరిన రోజు లేదు. దగ్గు అలా వచ్చింది. మూడు వారాలకు నీళ్ళు ఇద్దరికీ చాలక ఆవిడే చెప్పేసింది, ఈ పనైనా మానుకో, గదైనా ఖాళీ చెయ్యి అని. ఒంటరి ఆడపిల్లకు ఇక్కడ ఎవరూ గది ఇవ్వరు. ఆరు వీధులు తిరిగాను. గది పోతే పని పోయినట్టే, మన ఊరు వచ్చేయాల్సిందే. అందుకే మీకు రాయడానికి చెయ్యి రాలేదు.

చివరికి మా ఆఫీసు యజమానిని బతిమాలుకుని నిన్న పొద్దున రాజమ్మగారిని ఆ హాలుకే తీసుకుపోయాను. చూశాక మీరు ఏమంటే అదే అన్నాను. తలలో పూలు పెట్టుకుని, మురుకుల పొట్లం పట్టుకుని వచ్చింది. మొదటి రీలంతా కొంగు మొహం మీదే. రెండో రీల్లో కొంగు కాస్త జరిగింది.

"పాపా, వీడు ఇందాకే చచ్చినాడే. చొక్కా మార్చుకోని మళ్ళా వచ్చినాడు సూడు."

ఇద్దరం నవ్వాం. మురుకులు కూడా తిన్నాం. నాకు ధైర్యం వచ్చింది. అప్పుడు పొలాల మీదుగా వందమంది నడిచొచ్చే ఘట్టం వచ్చింది. చిరిగిన బట్టలు, ఒకరినొకరు చూసుకోరు, ఎక్కడికో తెలియదు. రాజమ్మగారు మురుకు నోటి దగ్గరే ఆపేసింది. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా నవ్వలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆవిడ నన్ను వెనక వదిలి గబగబా నడిచింది. గది పోయిందనుకున్నాను. నిన్న కుళాయి రాలేదు, ఇంట్లో ఉన్నది ఒక్క బిందె. పెరట్లోకి వెళ్ళి నేను తల వంచి నిలబడ్డాను. ఆవిడ బిందె తీసుకుని, నా కాళ్ళ మీద ఒక చెంబు పోసి, మిగిలిందంతా తన తల మీద కుమ్మరించుకుంది. పూలు కొట్టుకుపోయాయి. నేను బిత్తరపోయి చూస్తుంటే చెప్పింది.

"ఇది నీ బొమ్మలకు కాదు పాపా. మా అన్నకి. యుద్ధంలో బాంబులు పడితే రంగూన్ ఇడిసిపెట్టి నడిచొస్తా ఉండాడని జాబొచ్చింది. మనిషి రాలా. పోయినాడని సూసినోళ్ళూ లేరు. నలభై ఏండ్లుగా వాడి పేరు మీద ఈ చావు నీళ్ళు పోసుకోలా నేను. ఆడ నడిచే వాళ్ళల్లో ఎవురి మొగం సూసినా వాడే."

తువ్వాలు తెచ్చి నేనే ఆవిడ తల తుడిచాను. గది సంగతి అడగలేదు. ఆవిడే అంది, "నువ్వు కాళ్ళు కడుక్కోని లోపలికి రా, సాలు. తల తడపబాక, మళ్ళా దగ్గొస్తాది." రాత్రి ఆవిడ పెట్టిన రసం అన్నమే తిన్నాను.

కాబట్టి గది ఉంది, పని ఉంది, కంగారు పడకండి. అలసటగా ఉంది, అంతే. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం గోంగూర పచ్చడి, కందిపొడి పంపండి. రాజమ్మగారికి కూడా కలిపి పంపండి. నాయనమ్మకు నా దణ్ణాలు, మాస్టారి ఇంట్లో అందరినీ అడిగానని చెప్పండి. మీ దీవెన ఎప్పటిలా నా మీద ఉండాలి.

రేపు ఇంకో పాత సినిమా ఉంది. అందులోనూ నడుస్తారట. ఈసారి వాళ్ళ మొహాలు సరిగ్గా చూస్తాను.

మీ బిడ్డ
సుభద్ర