గొంతు తడిపిన పెట్టె

అమ్వాజ్, బహ్రెయిన్

చిరంజీవి అప్పాజీకి,

నీ అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నేను పనిచేసే ఇంట్లో వాళ్లూ అందరం బాగానే ఉన్నాం. అక్కడ అమ్మ, రమ, పిల్లలు, నువ్వు చల్లగా ఉంటే నాకు అంతకన్నా ఏం కావాలి. మలికిపురం నుంచి కొత్తగా పనికి వచ్చినావిడ చేత నువ్వు పంపిన ఉత్తరం, ఎండు మెత్తళ్ల పొట్లం అందాయి. మేడమ్‌కి ఆ వాసన పడదు. అందుకని తుబ్లీలో మన రామ్‌ప్రసాద్ అన్నయ్య ఇంటికి పట్టుకెళ్లి, వదిన చేత పులుసు పెట్టించుకుని తిన్నాను. ఆ పూట కడుపు నిండింది.

ఫోన్ ఉండగా మళ్లీ ఉత్తరమేమిటని రమ నవ్వుతుందని తెలుసు. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు పది మాటలు అంటావు, నాకు కోపం వచ్చి పెట్టేస్తాను. ఈసారి నా మాట చివరిదాకా వినాలి. అందుకే రాసి, సెలవుకి వస్తున్న అన్నయ్య చేతికి ఇస్తున్నాను.

నువ్వు అడిగిన కీబోర్డు సంగతి ముందు చెబుతాను. బొమ్మ పంపి, "అక్కా, ఇది చూస్తే కళ్లు తిరుగుతాయి" అన్నావు. నిజంగానే తిరిగాయి. నువ్వు అనుకున్నందుకు మాత్రం కాదు.

శుక్రవారం మేడమ్‌ని అడిగి మనామాలో ఆ దుకాణానికి వెళ్లాను. నల్లగా నిగనిగలాడుతూ, ఒంటినిండా రంగురంగుల లైట్లతో బల్ల మీద పెట్టారు. దాన్ని వర్క్‌స్టేషన్ అనాలట, కీబోర్డు అంటే తక్కువట. నేను ముందు వంగి వాసన చూశాను. నాన్న ఎవరి హార్మోనియం బాగుచేయడానికి వచ్చినా మూత తీసి మొదట వాసన చూసేవాడు కదా, టేకు వాసనా తోలు వాసనా పట్టి అది ఏపాటి పెట్టో చెప్పేసేవాడు. దీనికి కొత్తగా కొన్న స్నానాల బకెట్టు వాసన వచ్చింది.

తర్వాత ఒక మూల పట్టుకుని ఎత్తాను. మంచి పెట్టె అయితే ఒక మూల ఎత్తినా నాలుగు మూలలూ కలిసి లేస్తాయి. ఇది నడుం దగ్గర వంగి కిర్రుమంది. మెట్లు వేలితో పక్కకి కదిపి చూస్తే ఊడబోయే పాలపళ్లలా కదిలాయి. తెల్లమెట్టు నొక్కితే పక్కన ఉన్న నల్లమెట్టు కూడా వణికింది. ఎడమ చేతి వైపు స్వరం సాగదీసే చక్రం ఒకటి పెట్టారు, అది సగం తిరిగి గరుకుగా పట్టేసింది. పైన వరసగా ఉన్న బొత్తాల్లో ఒకదాన్ని ఇలా తిప్పానో లేదో నా చేతిలోకి వచ్చేసింది. చీదర పుట్టి దాన్ని అక్కడే బల్ల మీద పెట్టాను.

చివరికి మొత్తం ఎత్తి బోర్లించాను. లోపల వదులైనది ఏదైనా ఉంటే అదే చెబుతుందని నాన్న చెవి ఆనించి వినేవాడు, మర్చిపోయావా? దుకాణం మనిషి కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే లోపల ఒక మర గలగలమంటూ ఈ చివర నుంచి ఆ చివరికి దొర్లింది. అతను హిందీలో, ఇది అందరూ ముట్టుకునేది, సీలు వేసిన డబ్బాలో ఉన్నది వేరు అన్నాడు. అయితే అది తెరువు అన్నాను. కొనకుండా తెరవరట. వినకుండా కొననని నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చివరికి విసుక్కుంటూ తెరిచాడు. అందులో గలగల లేదు గాని కిర్రుమనడం మాత్రం అంతే ఉంది. శబ్దం బాగుంటే చాలదా, బాడీతో మీకు పనేమిటని అడిగాడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది.

శబ్దం మాట దాచను. బాగుంది. వయొలిన్ అంటే వయొలిన్, వేణువు అంటే వేణువు. అంత మంచి గొంతుని తీసుకొచ్చి అంత అన్యాయపు ఒంట్లో పెట్టారే అని మరీ కడుపు రగిలింది. ఇలాంటిది తయారుచేసి, పైన లైట్లు పెట్టి, కిందామీదా పడి కష్టపడేవాళ్లకి అమ్మడానికి వాళ్లకి సిగ్గు ఎలా లేకపోయిందో.

అయినా కొన్నాను.

ఎందుకంటే నువ్వు రాసిన ఆ ఒక్క మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఈ తీర్థాల్లో, జాతరల్లో హార్మోనియం ఒక్కటే అయితే నాటకానికి పిలుపులు రావడం లేదని, కీబోర్డు ఉన్నవాణ్ణే కూర్చోబెడతానని మీ కాంట్రాక్టరు చెప్పాడన్నావు. స్టేజీకి కుడిపక్క ఆ మూల నాన్న కూర్చున్న చోటు. అక్కడ నువ్వు కాకుండా వేరేవాడు కూర్చుని పద్యం ఎత్తి ఇస్తుంటే నువ్వు జనంలో నిలబడి చూడటం నేను ఊహించుకోలేను.

మిగతా ప్రశ్నలకి జవాబులు రాసేస్తాను. అమ్మ మోకాళ్లకి ఇక్కడి నూనె ఒక సీసా పంపుతున్నాను, కాస్త వేడిచేసి రాయమను, పొయ్యి మీద సీసాతో సహా పెట్టొద్దని చెప్పు. రమ అడిగిన కుట్టుదారాలు కూడా అందులోనే ఉన్నాయి. ఆకుపచ్చ దొరకలేదు. నేను సన్నబడ్డానని ఫోటో చూసి రాశావు. సన్నబడలేదు, మేడమ్ పిల్లవాడు ఫోన్ అడ్డంగా పట్టుకుని తీశాడు. సెలవుకి ఎప్పుడొస్తానని అమ్మ అడుగుతోందన్నావు కదా, దానికి జవాబు కింద రాస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. నిలబడి చదువుతుంటే కూర్చో.

కొన్న మర్నాడు మేడమ్ పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్లింది. నేను పెట్టెను నా గదిలో ఇస్త్రీ బల్ల మీద పెట్టాను. మన ఇంట్లో కొత్త పెట్టె గాని, బాగుచేసిన పెట్టె గాని గొంతు తడపకుండా ఎప్పుడైనా పాడిందా? నాన్న పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు వేళ్లతో మెట్ల మీద చిలకరించాకే 'స' నొక్కేవాడు. తడిపితేనే వాద్యం మన మాట వింటుందనేవాడు. నేనూ పసుపు రాశాను, బొట్టు పెట్టాను. పనిచేస్తుందో లేదో చూడమన్నావని అంతకుముందే స్విచ్చి వేసి ఉంచాను. కాయ కొట్టి, నీళ్లున్న చిప్పను దాని మీదకి తెచ్చాను. చేతికి పసుపు ఉంది కదా, చిప్ప జారింది.

లైట్లు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. తెర కాసేపు వణికి తెల్లబోయింది.

దాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. కొబ్బరినీళ్లకి ప్రాణం పోయే వాద్యం ఎక్కడైనా ఉందా? నాన్న చేతిలో పెట్టెల మీద ఎన్ని కాయల నీళ్లు పడలేదు. చెక్క పీల్చుకునేది, మర్నాటికి ఎప్పటిలా పాడేది. ఆ తర్వాత నా మీద నాకు అంతకన్నా అసహ్యం వేసింది. కరెంటు వస్తువుల దగ్గర నీళ్లు పెట్టకండని ఈ ఇంట్లో పిల్లల్ని రోజూ కేకలేసేది నేనే.

దుకాణంలో అడిగితే నీళ్లు పడితే మాకు సంబంధం లేదన్నారు. తుబ్లీలో అన్నయ్య ఇంటి వెనక సందులో షఫీఖ్ అని నిజామాబాద్ మనిషి టీవీలూ మిక్సీలూ బాగుచేస్తాడు. దుప్పటిలో చుట్టి అక్కడికి మోసుకెళ్లాను. అతను అడుగు విప్పి నాకు చూపించాడు. అరచేయంత పలక ఒకటి, రెండు తీగలు, మిగతా అంతా ఖాళీ. మరలు ప్లాస్టిక్కులోకే బిగించారు. అన్నిటికన్నా రోత ఏమిటంటే, ఏ పనీ లేని ఇనపరేకు ఒకటి జిగురుతో అడుగున అతికించారు.

"అక్కా, దీన్ల సామాన్ లేదు, గాలే ఉన్నది" అన్నాడు షఫీఖ్. "గీ రేకు ఎందుకనుకున్నవ్? ఎత్తుతే చేతికి బరువు తెల్వాలెనని పెట్టిన్రు."

మెట్ల సందులో నుంచి ఒక కొబ్బరి ముక్క కూడా తీశాడు. పసుపు అంటి ఉంది. దాన్ని నా చేతిలో పెట్టాడు. ఆరబెట్టి, తుడిచి, ఏవేవో అతికించి నాలుగు రోజుల తర్వాత రమ్మన్నాడు. వెళ్లేసరికి లైట్లు వెలుగుతున్నాయి. గొంతులన్నీ వచ్చాయి. ఒక్క మెట్టు మాత్రం మూగబోయింది. దాని కింద పట్టీ కాలిపోయిందట, విడిగా దొరకదట. "గదొక్కటి ఖలాస్ అక్కా" అన్నాడు. నొక్కి చూశాను. మనవాళ్లు పద్యం ఎత్తుకునే శ్రుతికి సరిగ్గా మధ్య పంచమం అది. శ్రుతి మార్చుకుంటే ఆ మూగమెట్టు ఇంకో స్వరం కింద పడుతుంది, అంతే తేడా. దాన్ని పట్టుకుని నిన్ను స్టేజీ ఎక్కమని ఎలా పంపను? రాగం మధ్యలో నోరు పడిపోతే జనం నవ్వేది నిన్నే.

నా మొహం చూసి షఫీఖే ఒక దారి చెప్పాడు. అద్లియాలో ఒక రెస్టారెంటులో పాట కచేరీలు మానేశారట, వాళ్ల పాత వర్క్‌స్టేషన్ సామాన్ల గదిలో పడి ఉందట. అన్నయ్యా నేనూ వెళ్లాం. ఛీ, దాని అవతారం చెప్పలేను. మెట్ల నిండా నూనె జిడ్డు, ఒళ్లంతా హుక్కా పొగ వాసన. బోర్లిస్తే ఎండిన అన్నం మెతుకులు, నిమ్మగింజలు, పళ్లలో కుట్టుకునే పుల్ల ఒకటి రాలాయి. అవన్నీ రాలిపోయాక చెవి ఆనించాను. లోపల చప్పుడు లేదు. మూల పట్టి ఎత్తబోతే నా వల్ల కాలేదు. అన్నయ్య ఎత్తాడు. నాలుగు మూలలూ కలిసి లేచాయి. అది ఇనుము, అతికించిన రేకు కాదు. మెట్లు పక్కకి కదపబోతే కదల్లేదు.

అదే నీకు వస్తున్నది. పళ్లు తోముకునే బ్రష్షుతో మెట్టు మెట్టూ తోమి, సందులన్నీ తుడిచాను. పొగ వాసన ఇంకా పూర్తిగా పోలేదు, తీర్థంలో ఎవరూ దగ్గరికొచ్చి వాసన చూడరులే. బరువు చూసి అన్నయ్య విమానం దాకా సణుగుతూనే ఉంటాడు, దిగగానే అతనికి కాఫీ ఇప్పించు. దయచేసి దాని గొంతు తడపకు. మనసు ఊరుకోకపోతే పసుపు చుక్క పెట్టు, కాయ గుమ్మం బయట కొట్టు.

దాన్ని ఎలా కొన్నానంటావేమో. ఈ ఏడు సెలవు వదులుకున్నాను. అందుకు మేడమ్ ఇచ్చిన డబ్బు దానికి సరిపోయింది. కాబట్టి తీర్థానికి నేను రాను, నువ్వు ఆ మూల కూర్చుని వాయించడం నేను చూడను. అమ్మకి మాత్రం మేడమ్ వదలలేదని చెప్పు. మేడమ్ ఏమీ అనుకోదు, ఆవిడకి తెలుగు రాదు.

ఇక ఆ కొత్తది నా దగ్గరే ఉంటుంది. ఎవరికైనా ఇచ్చేద్దామనే అనుకున్నాను, చూస్తేనే వెగటు పుట్టేది. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఒకరోజు ఊరికే ఒక వేలు పెట్టాను. నాన్న హార్మోనియం రీడ్లు సరిచేస్తుంటే గాలి తిత్తి ఒత్తుతూ కూర్చునేదాన్ని, నీకు గుర్తుండే ఉంటుంది. మెట్ల మీద చెయ్యి నీదే, నన్ను వెయ్యనిచ్చేవాడు కాదు. ఆడపిల్లకి స్టేజీ ఎక్కడిది, నేర్చుకుని ఏం చేస్తుందనేవాడు. నాకూ అప్పుడు అడగాలని తోచలేదు. చెవిలో మాత్రం అంతా ఉండిపోయిందిరా. మీ నాటకానికి ముందు వాయించే ప్రార్థన ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా వస్తోంది. పెట్టె ఇంకా కిర్రుమంటూనే ఉంది, దాని మీద నాకున్న రోత కూడా పోలేదు.

ఆ మూగమెట్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ ఒక్క స్వరం నోటితో పాడి ముందుకి వెళుతున్నాను. నిన్న మేడమ్ తలుపు దగ్గర నిలబడి చాలాసేపు విన్నది. పెట్టెలో నుంచి మనిషి గొంతు కూడా వస్తుందా అని అడిగింది. రాదు, ఆ ఒక్కటీ నాది అని చెప్పాను.

ఇట్లు,
తిత్తి ఒత్తిన నీ అక్క
సత్యకుమారి