నాన్నను బండమీద మరిచిపోయిన సంగతి

నాయనమ్మా,

నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. నాన్న ఒక్కడే కొన్నాళ్ళు నీ మీద అలిగాడు. పోయినవాళ్ళ మీద అలగడమేమిటంటావా... తప్పు నాదే.

మా కాలేజీలో ఇద్దరిద్దరు కలిసి ఒక డాక్యుమెంటరీ తీయాలన్నారు. నాకూ, నా స్నేహితురాలు శిరీషకూ వచ్చిన విషయం, చిన్న వయసులోనే తల్లులైనవాళ్ళు. శిరీష వాళ్ళది కాకినాడ. వాళ్ళ నాన్నగారికి బదిలీ అయి పట్నానికొచ్చారు. కెమెరా ముట్టుకునే ముందు ఎవరిని కలుస్తారో, ఏమడుగుతారో రాసి చూపించమన్నారు మా సారు.

ఇరవై రెండు ప్రశ్నలు రాసుకున్నాం. మొదటిది, ‘తొలి గర్భధారణ నాటికి మీ మానసిక స్థితి ఎలా ఉండేది?’ నువ్వుంటే ఏమనేదానివో తెలుసు. నేను పుస్తకం పట్టుకున్నప్పుడల్లా అన్నట్టే, "అక్షరాలు గుడ్లు పెడ్తయానే?" అనేదానివి.

ప్రశ్నలైతే ఉన్నాయి, తల్లి ఎక్కడ దొరుకుతుంది? శిరీష మూడు రోజులు దిగులుపడింది. ముందు మా ఊరు ఖాజాగూడకు రా, చూద్దామన్నాను.

మల్లమ్మవ్వ అరుగు మీద మీ జట్టంతా చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నారు. శిరీష ఎంతో మర్యాదగా మొదటి ప్రశ్న చదివింది. మల్లమ్మవ్వ చెయ్యి ఆగిపోయింది.

"గిదేంది బిడ్డా, పరీక్షనా?"

పదిహేను పదహారేళ్ళకే తల్లైనవాళ్ళు కావాలి అవ్వా, అన్నాను.

"కానిదెవ్వరో చూపియ్యి. దాన్ని తియ్యిన్రి ఫోటో!"

ఇక మొదలైంది. ఒకామె నాకు పదిహేనంది. పక్కామె నాకు పద్నాలుగే అంది. మూడో ఆమె, "నాకింకా పాలపండ్లే ఊడలే" అంది. దాని మీద పెద్ద కొట్లాట. శిరీష మధ్యలో నిలబడి, "అయ్యో, ఒక్కొక్కరే చెప్పండి అమ్మమ్మగారూ" అని బతిమాలుతోంది.

నీకు తెలియని సంగతి ఇంకొకటుంది. మన మంజులకు సంబంధం వచ్చింది. బాలానగర్‌లో లేత్ మిషన్ల షాపు ఉన్నవాళ్ళు. మన పిల్లకు పదిహేను నిండి రెండు నెలలు... మన పక్కనే మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల మేడ లేచిన దగ్గర్నుంచి మన చేనుకు గిరాకీ, చేనుతో పాటు చెల్లికీ గిరాకీ. నేను చట్టం అన్నాను, చదువు అన్నాను, చివరికి అన్నం మానేశాను. నాన్న నా పళ్ళెంలోది కూడా తనే తినేశాడు.

ఆ నాన్నే ఆ రోజు శిరీషను భోజనానికి పిలవడానికి వచ్చి, అరుగు పక్కన నిలబడ్డాడు. మల్లమ్మవ్వ ఆయన్ను చూపిస్తూ అందుకుంది.

"గీ ఎల్లయ్య పుట్టినప్పుడు బాలమణికి పద్నాలుగేండ్లు. పిల్లగాన్ని బొంతల సుట్టి, గుట్టకాడ బండ మీద పండవెట్టి, మాతోని ఆటకొచ్చింది. ఆడి ఆడి ఇంటికి పోయింది. రవికె తడిసినంక యాదికొచ్చింది, అయ్యో, నాకో కొడుకున్నడు గదా అని!"

నాన్న మీసం వణికింది. "నిజమేనా అవ్వా?"

"మేమందరం ఉరికినం. మేకపిల్ల నీ మొఖం నాకుతుండె, నువ్వు నవ్వుతుంటివి."

అరుగంతా పడీపడీ నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేదు. నలభై ఆరేళ్ళ మనిషి, ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. రెండు రోజులు నీ ఫోటోకు దండ మార్చలేదు. "జర్రంతన్న యాదికుండొద్దా?" అని ఫోటోనే అడిగాడు.

మూడో రోజు గుట్ట దగ్గరికి పోతే నేనూ వెనకే వెళ్ళాను. చాలాసేపు బండల వైపు చూసి అన్నాడు, "పద్నాలుగంటే... మన మంజులకన్న చిన్నది గదనే."

అవును నాన్నా, అన్నాను. నువ్వెప్పుడూ ఆయనకు అమ్మవే, నాకు నాయనమ్మవే. ఒకప్పుడు పిల్లవని మాకెవరికైనా తోచిందా?

ఆదివారం బాలానగర్ వాళ్ళు పండ్లు, పూలు పట్టుకొని ముహూర్తం మాట్లాడటానికి వచ్చారు. పెళ్ళికూతురు ఏదంటే లేదు. మంజుల వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది, లంగా ఎగదోపి, ఒంటికాలి మీద. నాన్న కిటికీలోంచి చూశాడు. తిరిగొచ్చి పిల్లవాడి తండ్రి ముందు చేతులు జోడించాడు.

"మా అమ్మ నన్ను బండ మీద మర్చిపోయింది. నా బిడ్డ మీ మనుమన్ని ఏడ మర్చిపోతదో ఏమో. మా ఊర్ల బండలు శాన ఉన్నయి. దాని చదువైనంక చూద్దాం."

పాపం, వాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చాయ్ సగంలోనే వదిలేసి, పండ్లు మాత్రం మరిచిపోకుండా వెనక్కి తీసుకొని వెళ్ళారు. ఎల్లయ్యకు పిచ్చి లేచిందని బాలానగర్ దాకా చెప్పుకుంటున్నారట. మంజులకు ఇవేవీ పట్టలేదు, ఆట గెలిచానని చెప్పడానికి లోపలికొచ్చింది.

మా ఇరవై రెండు ప్రశ్నలూ చింపేశాం. ఇప్పుడు ఒక్కటే ప్రశ్న, ‘అమ్మ అయ్యేనాటికి నువ్వు ఏ ఆట ఆడేదానివి?’ సారు రెండుసార్లు చదివారు. తర్వాత సంతకం పెట్టారు. నాన్న కూడా కెమెరా ముందు కూర్చుంటాడట. మీసానికి రంగేసుకున్నాక.

ఊరంతా తిరిగి అడుగుతున్నాను... ఇరవై ఏళ్ళు నీ పక్కనే పడుకొని, నిన్ను ఒక్కటైనా అడిగానా నాయనమ్మా?

ఈ సినిమా నీకే అంకితమిస్తున్నాం. మొదట్లో నీ పేరు వేస్తాం. ముందు ‘శ్రీమతి’ అని పెట్టాలండీ, అదే మర్యాద అంది శిరీష. వద్దన్నాను. పద్నాలుగేళ్ళ పిల్లకు శ్రీమతి ఏమిటి?

ఉత్త బాలమణి అనే వేస్తాం. మాట ఇస్తున్నాను.

నీ మనుమరాలు,
స్వరూప